అప్‌డేట్: పాత ఫైల్ ప్రింటయ్యే సమస్య తీరింది

మా ప్రింటింగ్ ప్రెస్‌లో కరెక్షన్ చేసిన ఫైల్ వదిలేసి పాతదానికే అచ్చు ప్లేట్లు తీసేస్తున్నాం, ఏం చేయాలని పోయిన నెల అడిగాను కదా. మీరు చెప్పినట్టే జాబ్ టికెట్ (ఒక్కో ఆర్డర్ వివరాలన్నీ ఉండే చీటీ) సాఫ్ట్‌వేర్ పెట్టాం. ఆర్డర్ రాగానే నంబరు పడుతుంది. పేపర్ జీఎస్‌ఎం (చదరపు మీటరుకు ఎన్ని గ్రాముల బరువో), కాపీలు, లామినేషన్ అన్నీ అందులోనే. కస్టమర్ ప్రూఫ్ (అచ్చుకు ముందు చూపించే నమూనా) ఓకే చేస్తే తప్ప ఫైల్ ముందుకు కదలదు.

మొన్న ఒక శుభలేఖలో ముహూర్తం 10 గం. 42 ని. బదులు 24 ని. అని పడింది. పెళ్లికూతురి నాన్నగారు ప్రూఫ్‌లోనే పట్టుకున్నారు. పాత పద్ధతిలో అయితే వెయ్యి కార్డులూ దండగే. ఎంత ఊరటగా అనిపించిందో!

మా కటింగ్ మిషన్ మాత్రం బాగా పాతది. జాబ్ వివరాలను నేరుగా మిషన్లకు పంపే జేడీఎఫ్ ఫార్మాట్ కూడా దానికి అందదు. అందుకే టికెట్ ప్రింట్ తీసి కట్టల మీద పెడుతున్నాం. సలహా ఇచ్చిన అందరికీ థాంక్స్ అండీ.