50 రోజుల లాబ్ పిల్ల: "రెండు టీకాలు అయిపోయాయి" అన్నారు, కార్డులో స్టిక్కర్లు లేవు

కొత్తపిల్ల_వరంగల్:
లాబ్రడార్ జాతి ఆడ కుక్కపిల్ల. ఆగస్టు 3న పుట్టింది, ఈ రోజుకి 50 రోజులు, బరువు 3.5 కిలోలు. అమ్మినాయన 30వ రోజున ఒకటి, 45వ రోజున ఒకటి టీకాలు వేయించానని, ఇక రేబీస్ ఒక్కటే మిగిలిందని చెప్పాడు. కార్డులో బాల్‌పెన్నుతో రాసిన తేదీలు తప్ప ఇంకేం లేవు. నులిపురుగుల మందు "ఒకసారి పట్టాం" అట. మళ్ళీ మొదటి నుంచి వేయించాలా? డోసు ఎక్కువైతే ప్రమాదమా? వీధిలోకి ఎప్పుడు దించొచ్చు? గేటు ముందే నాలుగైదు వీధికుక్కలు పడుకుంటాయి.

ముర్రుపాలు:
ఆ రెండూ లేనట్టే లెక్కేసుకోండి, నిజంగా వేయించినా సరే. తల్లి ముర్రుపాలతో వచ్చిన యాంటీబాడీలు పిల్ల ఒంట్లో ఉన్నంతకాలం టీకాలోని వైరస్‌ను కూడా అణచేస్తాయి, ఇంజెక్షన్ వృథా. ఒక పిల్లలో అవి 8 వారాలకే అడుగంటుతాయి, అదే ఈతలోని ఇంకో పిల్లలో 14 వారాలు దాటినా ఉంటాయి. అందుకే మూడు నాలుగు వారాలకోసారి వేస్తూ పోయి, ఆఖరిది 16 వారాలు నిండాక వేస్తారు. ఎన్ని పడ్డాయని ఎవరూ అడగరు, ఆఖరిది ఏ వయసులో పడిందని అడుగుతారు.

45వ రోజు అంటే సెప్టెంబరు 17. ఒకవేళ అది నిజమే అయితే రెండు వారాల లోపు ఇంకోటి వేస్తే సరిగ్గా పట్టదు. కాబట్టి అక్టోబరు 1, అక్టోబరు 29, నవంబరు 26 పెట్టుకోండి. పార్వో (వాంతులు, రక్తవిరేచనాల వైరస్), డిస్టెంపర్ (ఊపిరితిత్తులు, నరాలను దెబ్బతీసే వైరస్), హెపటైటిస్ (కాలేయానికి వచ్చే వైరస్) మూడూ ఆ టీకాలో ఉండాలి. ఎలుకలు, వాననీటి గుంటలు ఉన్న చోటయితే లెప్టో (ఎలుకల మూత్రంతో వచ్చే లెప్టోస్పైరోసిస్) టీకా కూడా, అది కనీసం రెండు డోసులు. రేబీస్ 12 వారాలు నిండాకే, అంటే అక్టోబరు 29న. మన దగ్గర వీధికుక్కల బెడద ఉంది కాబట్టి నవంబరు 26న రెండోది కూడా వేయించడం మంచిది. ఆరు నెలలప్పుడు, ఫిబ్రవరి మొదట్లో, మరో పార్వో-డిస్టెంపర్ డోసు. అదనంగా ఒకటి పడితే ప్రమాదం లేదు, తక్కువైతేనే ఉంది.

ఏటా జూలై 6న ప్రభుత్వ పశువైద్యశాలల్లో రేబీస్ టీకా ఉచితంగా వేస్తారు. దానికోసం ఆగకండి.

సీసామూత:
స్టిక్కర్ ఎందుకంటే: డబ్బాలో రెండు బుల్లి సీసాలుంటాయి. ఒకదాని అడుగున తెల్లటి ఎండు బిళ్ళ, రెండోదాంట్లో ద్రవం. ఈ ద్రవాన్ని బిళ్ళ ఉన్న సీసాలోకి ఎక్కించి, కరిగాక వెంటనే పొడవాలి. చాలా కంపెనీల్లో ఆ ద్రవమే లెప్టో టీకా. అది పారబోసి మామూలు స్టెరైల్ వాటర్ కలిపారంటే లెప్టో పడనట్టే. సీసా మీది స్టిక్కర్ ఊడదీసి కార్డులో అంటించమనండి, బ్యాచ్ నంబరు, గడువు తేదీ కనబడేలా.

టీకా 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. మెడికల్ షాపులో కొని జేబులో వేసుకెళ్తే పాడవుతుంది. నేరుగా ఐసుగడ్డల మీద పెట్టినా అంతే, రేబీస్ టీకా గడ్డకట్టిందంటే పనికిరాదు. ఇంజెక్షన్ అయ్యాక అరగంట క్లినిక్‌లోనే కూర్చోండి. మూతి, కళ్ళ చుట్టూ వాచినా, వాంతులైనా అక్కడికక్కడే చెప్పాలి. ఆ రోజంతా మత్తుగా ఉండటం, సూది పోటు దగ్గర శనగగింజంత గడ్డ మామూలే. జ్వరమని మనుషుల పారాసిటమాల్ మాత్రం వేయకండి.

పిడుదుల_శత్రువు:
ఒకసారి పట్టిన నులిపురుగుల మందు ఎటూ చాలదు. ఏలికపాముల పిల్లలు తల్లి కడుపులోనే సోకుతాయి, కొంకిపురుగులు పాలతో వస్తాయి. మందు పేగులో ఉన్నవాటిని చంపుతుంది, ఒంట్లో తిరిగేవి తర్వాత దిగుతాయి. అందుకే 12 వారాల దాకా రెండు వారాలకోసారి, ఆరు నెలల దాకా నెలకోసారి, ఆ తర్వాత మూడు నెలలకోసారి. ప్రాజిక్వాంటెల్, పైరాంటెల్, ఫెబాంటెల్ కలిసిన మాత్ర 10 కిలోలకు ఒకటి చొప్పున ఉంటుంది. మీ పిల్లకి సగం. ప్రతిసారీ తూచి వేయండి, లాబ్ బరువు వారంవారం మారిపోతుంది. మర్నాడు విరేచనంలో సేమ్యాల్లాంటివి కదులుతూ పడితే కంగారొద్దు.

పిడుదులకు ఫిప్రోనిల్ స్ప్రే ఈ వయసులో వాడొచ్చు. నమిలే మాత్రలు 8 వారాలు, 2 కిలోలు దాటాక. మూడు నెలలు పనిచేసేది కాకుండా నెల మాత్ర తీసుకోండి, ఎదిగే పిల్ల కదా. గోడ పగుళ్ళు కూడా పూడ్చండి, పిడుదులు గుడ్లు పెట్టేది అక్కడే.

కొత్తపిల్ల_వరంగల్:
అందరికీ థాంక్సండీ. గేటు దగ్గర రోజూ ఫినాయిల్ కొట్టి కడుగుతున్నాం, పార్వోకి అది చాలుతుందా?

ముర్రుపాలు:
చాలదండీ. ఫినాయిల్‌కి పార్వో చావదు, నేలలో నెలల తరబడి ఉంటుంది. ముందు మట్టి, మలం కడిగేసి, లీటరు నీళ్ళకు 30 మిల్లీలీటర్ల ఇంటి బ్లీచ్ కలిపి పది నిమిషాలు తడిగా ఉంచి, తర్వాత నీళ్ళతో కడగండి. అందులో ఫినాయిల్‌గానీ టాయిలెట్ యాసిడ్‌గానీ కలపొద్దు. ఉత్త మట్టినేల మీద బ్లీచ్ పెద్దగా పనిచేయదు. చెప్పులు గేటు బయటే.

వీధిలో కింద దించడం నవంబరు 26 తర్వాత ఇంకో రెండు వారాలకు. అలాగని అప్పటిదాకా ఇంట్లోనే బంధిస్తే బైకు హారన్‌కి కూడా జడిసే కుక్క తయారవుతుంది. రోజూ చంకనెత్తుకుని తిప్పండి, ట్రాఫిక్, పిల్లలు, కుక్కర్ విజిల్ అన్నీ అలవాటు కావాలి. ఈలోగా తిండి మానేసి వాంతులు మొదలైతే రక్తవిరేచనం కోసం చూస్తూ కూర్చోకండి, ఆ పూటే తీసుకెళ్ళండి. వెళ్ళేముందు ఫోన్ చేసి పార్వో అనుమానమని చెప్పి, వెయిటింగ్ హాల్లో మిగతా కుక్కపిల్లల మధ్య కింద దించకుండా పట్టుకోండి.