షుగరు, విడాకుల కేసు, చాలీచాలని జీతం: పర్లాకిమిడి నుంచి సలహా కోరుతున్నాను

ప్రశ్న (పర్లాకిమిడి టీచరు)

అందరికీ నమస్కారం. నా వయసు 41 ఏళ్లు. పదహారేళ్ల కాపురం తరువాత, ఏడు నెలల క్రితం, తొమ్మిదో తరగతి చదువుతున్న మా అమ్మాయిని వెంటబెట్టుకొని ఒడిశాలో పర్లాకిమిడిలోని పుట్టింటికి వచ్చేశాను. మా వారు విశాఖపట్నంలో ఉద్యోగం చేస్తున్నారు. విడాకుల కేసు కూడా అక్కడి ఫ్యామిలీ కోర్టులోనే వేశారు. నేను ఇక్కడ ఒక ప్రైవేటు బడిలో చిన్న తరగతులకు లెక్కలు చెబుతాను. నెలకు 7 వేలు ఇస్తారు, వేసవి సెలవుల్లో అదీ ఉండదు.

నాకు షుగరు ఉన్నట్లు ఆరేళ్ల క్రితం తెలిసింది. రెండేళ్లుగా మాత్రలతోపాటు ఇన్సులిన్ కూడా వేసుకుంటున్నాను. మా వారి దగ్గర ఉన్నంతకాలం ఇన్సులిన్ పెన్నుతో ఉదయం 16, రాత్రి 10 యూనిట్లు తీసుకునేదాన్ని. పరగడుపున 130 దాటేది కాదు. ఇక్కడికి వచ్చాక పెన్నులో వేసే కాట్రిడ్జి కొనే శక్తి లేక, డాక్టరుగారిని అడిగి, చవకగా దొరికే సీసా ఇన్సులిన్‌కు మారాను. సిరంజీలు దుకాణంలో ఇచ్చినవే వాడుతున్నాను. అప్పటినుంచి పరగడుపు షుగరు 250కి దిగడం లేదు; పోయిన వారం 262 వచ్చింది. డాక్టరుగారు డోసును 20, 14కు పెంచినా మార్పు లేదు. మనసులో దిగులు వల్లే ఇలా అవుతోందని ఇంట్లోవాళ్లూ, బడిలోవాళ్లూ అంటున్నారు. కొన్ని రాత్రులు తిండి సహించక సూది మానేసిన మాట నిజమే. ఉన్నంతలో ఒక ఊరట ఏమిటంటే, సీసా ఒక్కటి నెల దాటి మూడు నాలుగు రోజులు వస్తోంది. ఇంట్లో ఫ్రిజ్ లేదు కాబట్టి దాన్ని తడి ఇసుకలో దించిన మట్టికుండలో ఉంచుతున్నాను.

నేను జబ్బు దాచి పెళ్లి చేసుకున్నానని పిటిషన్‌లో రాశారు. పెళ్లినాటికి నాకు ఈ జబ్బే లేదు. ఇప్పుడు పెద్దమనుషుల ద్వారా కబురు పంపుతున్నారు: ఇద్దరం ఇష్టపడి విడిపోతున్నట్లు సంతకం చేస్తే 2 లక్షలు ఇస్తారట, ఆ తరువాత నాకు గాని, అమ్మాయికి గాని ఏమీ అడిగే హక్కు ఉండదట. వాయిదాకు విశాఖ వెళ్లిన ప్రతిసారీ జీతం కోత, దారి ఖర్చు, రెండు పూటల తిండి తప్పడం. సంతకం పెట్టేసి ఈ తిరుగుడు వదిలించుకోవాలని అనిపిస్తోంది. మందులు మానకుండా ఈ కేసు ఎలా ఈదాలో తెలిసినవారు దయచేసి చెప్పండి.

జవాబు 1 (గుణుపురం అక్క)

చెల్లెమ్మా, నీ ఉత్తరం చదువుతుంటే నాలుగేళ్ల క్రితపు నన్ను నేను చూసుకున్నట్లు ఉంది. నాది కూడా షుగరే, నాది కూడా విడాకులే. కోర్టు సంగతులు తెలిసినవారు చెబుతారు. నేను వాయిదా రోజు గురించి మాత్రం చెబుతాను, ఎందుకంటే నేను పడిపోయింది ఆ రోజే.

పదిన్నరకు పిలుస్తారని చెబితే, తెల్లవారకముందే ఒక టీ తాగి, షుగరు తగ్గించే గ్లిమిపిరైడ్ మాత్ర వేసుకొని బయలుదేరాను. పన్నెండున్నర అయినా పిలుపు రాలేదు. లేచి వెళ్తే ఆ కాస్తలో పేరు పిలుస్తారేమోనని భయపడి టిఫిను కూడా చేయలేదు. వరండాలో బల్ల మీద కూర్చుంటే ముందు చేతివేళ్లు వణికాయి, తరువాత జాకెట్టంతా చెమటతో తడిసిపోయింది, గోడమీది నోటీసులో అక్షరాలు రెండేసిగా కనిపించాయి. బంట్రోతు నా పేరు పిలవడం వినబడుతూనే ఉంది, కాళ్లు మాత్రం లేవలేదు. పక్కన కూర్చున్న ఒక ముసలామె నా మొహం చూసి, కొంగుకు కట్టుకున్న బెల్లం ముక్క విప్పి నా నోట్లో పెట్టింది. ఆమె ఎవరో ఇప్పటికీ తెలియదు. ఆ రోజు నుంచి నేను సంచిలో పంచదార పొట్లం లేకుండా గడప దాటలేదు.

ఇలా షుగరు 70 కంటే దిగితే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగాలి, పావుగంట ఆగి మళ్లీ చూసుకోవాలి, తేరుకున్నాక రెండు బిస్కెట్లో కాస్త అన్నమో తినాలి. వాయిదా రోజున మందు ఏ వేళకు వేసుకోవాలో, తిండి ఆలస్యమయ్యేటట్లుంటే ఏం చేయాలో ముందుగానే డాక్టరును అడిగి కాగితం మీద రాయించుకో. నీ జబ్బు సంగతి మీ వకీలుకు కూడా చెప్పి ఉంచు. భోజనం వేళకు పదినిమిషాలు బయటికి వెళ్లి వస్తామని వారు బెంచి క్లర్కుకు చెప్పగలరు. ఇందులో సిగ్గుపడవలసింది ఏమీ లేదు.

తిండి విషయంలో ఒక్క మాట. రేషను బియ్యమే దిక్కైన ఇంట్లో పత్యం ఎలాగని నేనూ ఏడ్చాను. అన్నం కొలత తగ్గించి, ఆ మేరకు పెసరకట్టు, తోటకూర, మునగాకు పెంచుకున్నాను. చోడి (రాగి) అంబలి మంచిదే గాని, షుగరుకు మందన్నట్లు చెంబులకొద్దీ తాగితే అదీ పెంచుతుంది, గ్లాసుడు చాలు.

జవాబు 2 (బరంపురం న్యాయవాది)

అమ్మా, ముందుగా మీ మనసులోని భయం ఒకటి తీసివేస్తాను. హిందూ వివాహ చట్టం 13వ సెక్షన్‌లో చెప్పిన విడాకుల కారణాలలో మధుమేహం లేదు. మోసంతో సమ్మతి పొందారనే వాదన 12వ సెక్షన్ కిందికి వస్తుంది. అది వివాహాన్ని రద్దు చేయమని కోరేవారు, మోసం తెలిసిన ఏడాదిలోపు చెప్పవలసిన మాట. పైగా పెళ్లయిన పదేళ్లకు బయటపడిన జబ్బును దాచడం ఎలా సాధ్యం? మొదటి రక్తపరీక్ష రిపోర్టు, దానిమీది తేదీతో సహా, మీ దగ్గర ఉంటే దానిని ప్రాణంలా దాచుకోండి. లేకపోతే పరీక్ష చేసిన ల్యాబు నుంచి నకలు తీసుకోండి.

రెండవది, మీరు విశాఖ కోర్టు చుట్టూ మాత్రమే తిరగవలసిన పని లేదు. మనోవర్తి కోసం భారతీయ నాగరిక సురక్షా సంహితలోని 144వ సెక్షన్ కింద, అంటే 2024 జూలై 1కి ముందు 125వ సెక్షన్‌గా అందరికీ తెలిసినదాని కింద, మీరు నివసిస్తున్న పర్లాకిమిడిలోనే మీ పేరునా, అమ్మాయి పేరునా పిటిషన్ వేయవచ్చు. మధ్యంతర మనోవర్తిని, ఎదుటివారికి నోటీసు అందిన నాటినుంచి వీలైనంతవరకు 60 రోజులలో తేల్చాలని చట్టమే చెబుతోంది. ఆచరణలో ఆలస్యం జరుగుతుంది, అది దాచను. అయితే 2020 నవంబరు 4న రజ్నేష్, నేహా కేసులో సుప్రీంకోర్టు మనోవర్తిని దరఖాస్తు పెట్టిన తేదీ నుంచే లెక్కించాలని చెప్పింది. కనుక మీరు పిటిషన్ వేయకుండా గడిపిన ప్రతి నెలా మీకు నష్టమే. అదే తీర్పు ప్రకారం భార్యాభర్తలిద్దరూ ఆస్తులు, ఆదాయాలు, ఖర్చులు చూపే అఫిడవిట్ దాఖలు చేయాలి. ఆ అఫిడవిట్‌లో మీ ఇన్సులిన్, మాత్రలు, సిరంజీలు, స్ట్రిప్పులు, రక్తపరీక్షలు, ఏడాదికొకసారి కంటి పరీక్ష, అన్నింటి ఖర్చూ విడివిడిగా రాయించండి. "వైద్య ఖర్చులు" అని ఒక్క ముక్కలో రాస్తే కోర్టు ఎంతో కొంత వేసి వదిలేస్తుంది. పది రూపాయల మందు కొన్నా రసీదు అడగండి.

విశాఖ కేసులో కూడా, హిందూ వివాహ చట్టం 24వ సెక్షన్ కింద, కేసు నడిచినంతకాలం పోషణకూ, రాకపోకలతో సహా కేసు ఖర్చులకూ మీరు అడగవచ్చు. ఆ కేసును ఒడిశాకు మార్పించుకోవాలంటే మాత్రం, రెండు రాష్ట్రాల మధ్య వ్యవహారం కాబట్టి, ఏ హైకోర్టుకూ ఆ అధికారం లేదు. సివిల్ ప్రొసీజర్ కోడ్ 25వ సెక్షన్ కింద సుప్రీంకోర్టుకే వెళ్లాలి. మన సరిహద్దు ఊళ్లలో సంబంధాలన్నీ అటూ ఇటూ కలిసే ఉంటాయి గనుక ఈ చిక్కు నా దగ్గరకు తరచుగా వస్తూ ఉంటుంది. ఆంధ్రలోని పాతపట్నం ఆడపడుచు పర్లాకిమిడి కోడలైనా, ఇక్కడి పిల్ల అక్కడికి వెళ్లినా, కేసు వచ్చేసరికి మధ్యనున్న మహేంద్రతనయ నది చాలా వెడల్పైపోతుంది.

వకీలు ఫీజు గురించి భయపడకండి. 1987 నాటి న్యాయసేవాధికార సంస్థల చట్టం 12వ సెక్షన్ ప్రకారం స్త్రీకి, ఆమె ఆదాయం ఎంతైనా సరే, ఉచిత న్యాయసహాయం పొందే హక్కు ఉంది. పర్లాకిమిడి కోర్టు ఆవరణలోని జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్లండి, లేదా 15100కు ఫోను చేయండి. దరఖాస్తులు ఒడియాలో ఉంటాయని వెనుకాడవద్దు. అక్కడి పారాలీగల్ వలంటీర్లను అడిగితే రాసిపెడతారు.

ఇక ఆ 2 లక్షలు. పరస్పర సమ్మతి విడాకులు తప్పని నేను అనను; కొన్ని ఇళ్లకు అదే మంచిది. కాని మీ వయసుకు, మీ జబ్బుకు, ఎదిగే ఆడపిల్లకు 2 లక్షలు ఎన్నేళ్లు వస్తాయో కాగితం మీద లెక్క వేయకుండా సంతకం పెట్టవద్దు. అమ్మాయి పోషణ హక్కు అమ్మాయిది. దానిని వదులుకుంటున్నట్లు మీరు రాసిచ్చినంత మాత్రాన అది పోదు. పెద్దమనుషుల ఒత్తిడితో హిందూ వివాహ చట్టం 13బి సెక్షన్ కింద పరస్పర సమ్మతి పిటిషన్ మీద సంతకం చేసినా, డిక్రీ వెలువడేలోగా సమ్మతిని వెనక్కి తీసుకోవచ్చు.

జవాబు 3 (రాయగడ ఫార్మసిస్టు)

అమ్మా, మీ ప్రశ్నలో అందరి కళ్లూ కేసు మీదికే వెళ్లాయి. నా చూపు మాత్రం ఒక్క వాక్యం దగ్గర ఆగిపోయింది: సీసా నెల దాటి వస్తోందన్నారు.

మన దగ్గర దొరికే ఇన్సులిన్ సీసాలు సాధారణంగా మిల్లీలీటరుకు 40 యూనిట్లవి. 10 మిల్లీలీటర్ల సీసాలో మొత్తం 400 యూనిట్లు ఉంటాయి. మీరు రోజుకు 34 యూనిట్లు వేసుకుంటే అది 12 రోజులకు మించి రాకూడదు. రాత్రి సూది పూర్తిగా మానేసి ఉదయం 20 మాత్రమే వేసుకున్నా 20 రోజులకు ఖాళీ కావాలి. నెల దాటి వస్తోందంటే మీ ఒంట్లోకి వెళ్తున్నది మీరు అనుకుంటున్నంత కాదు.

దయచేసి సిరంజి తీసి చూడండి. మూత ఎర్రగా ఉండి, గొట్టం మీద 40 అని ఉంటే అది ఈ సీసాకు సరిపోయే సిరంజి. మూత నారింజరంగులో ఉండి 100 అని ఉంటే అది మిల్లీలీటరుకు 100 యూనిట్లుండే వేరే ఇన్సులిన్‌కు చేసినది. దానిలో 20 గీత వరకు లాగితే మీకు అందేది 8 యూనిట్లే. సీసా మీది లేబులు కూడా చదవండి; అక్కడ ఎంత రాసి ఉందో సిరంజి మీద అంతే రాసి ఉండాలి. దుకాణంలో రద్దీగా ఉన్నప్పుడు సిరంజి అడిగితే చేతికందినది ఇచ్చేస్తారు. ముప్పై ఏళ్లు ఈ వృత్తిలో ఉన్నవాడిని. ఈ పొరపాటు ఎన్నిసార్లు చూశానో చెప్పలేను.

దిగులు వల్ల షుగరు పెరగదని నేను అనడం లేదు. ఆందోళనలో ఒంట్లో ఊరే హార్మోన్లు తప్పకుండా పెంచుతాయి. కాని ప్రతిదానినీ దిగులు ఖాతాలో వేసేస్తే సూది, సిరంజి చూసేవారు ఉండరు.

కుండ పద్ధతి మంచిదే. సీసాను ప్లాస్టిక్ సంచిలో చుట్టి, తడి తగలకుండా ఉంచండి. తెరిచిన సీసాను 4 వారాలు దాటాక వాడవద్దు. తెల్లగా ఉండే మిక్స్ ఇన్సులిన్ అయితే అరచేతుల మధ్య మెల్లగా దొర్లించాలి. అప్పటికీ గడ్డలు కనిపిస్తే పారవేయాలి.

ప్రశ్న అడిగినవారి జవాబు

బాబాయిగారూ, ఇప్పుడే డబ్బా తీసి చూశాను. సీసా మీద 40 అనే ఉంది. సిరంజీల మూతలు నారింజరంగులో ఉన్నాయి, గొట్టం మీద 100 అని ఉంది. ఇంకా పదకొండు మిగిలి ఉన్నాయి. మా అమ్మ పక్కనే కూర్చొని చూస్తోంది. ఇన్నాళ్లూ నేను ఏడవడం వల్లే షుగరు పెరుగుతోందని తిట్టేది, ఇప్పుడు తనే ఏడుస్తోంది. రేపు ఎర్రమూత సిరంజీలు తెప్పించి 20 యూనిట్లు సరిగ్గా వేసుకోమంటారా?

రాయగడ ఫార్మసిస్టు

వద్దమ్మా, ఆ పని మాత్రం చేయవద్దు. డాక్టరుగారు 20, 14కు పెంచింది, మీకు అసలు డోసు సరిగ్గా అందుతోందనుకొని. మీరు ఇన్నాళ్లూ ఉదయం 8, రాత్రి 6 యూనిట్లలోపే తీసుకున్నారు. ఇప్పుడు ఒక్కసారిగా నిజమైన 20 యూనిట్లు పడితే షుగరు బాగా దిగిపోయి స్పృహ తప్పే ప్రమాదం ఉంది. పెన్నుతో ఉన్నప్పుడు మీకు 16, 10 సరిపోయేవి కదా, ఆ సంగతి డాక్టరుగారికి తప్పక చెప్పండి. ఈ రాత్రికి ఏమీ మార్చకండి. రేపు ఉదయమే సీసా, ఆ సిరంజీలు, పెన్ను నాటి పాత చీటీ, ఈ మధ్య వచ్చిన షుగరు అంకెలు అన్నీ పట్టుకొని జిల్లా కేంద్ర ఆసుపత్రిలో షుగరు, బీపీ రోగులను చూసే క్లినిక్‌కు వెళ్లండి. డోసు ఎంతన్నది వారినే తేల్చనివ్వండి. వారు చెప్పిన తరువాత మొదటి వారం తెల్లవారుజామున కూడా ఒకసారి పరీక్ష చేసుకోవాలేమో అడగండి. అక్కడి మందుల కౌంటరులో, రాష్ట్రం నిరామయ పథకం కింద ఉచితంగా ఇచ్చే మందులలో మీవి ఏవేవి ఉన్నాయో కనుక్కోండి. లేనివి జన ఔషధి దుకాణంలో చవకగా దొరుకుతాయి.

ఈలోగా వాంతులు, కడుపునొప్పి, ఆయాసం ఉండి షుగరు 300 దాటితే ఎవరి సలహా కోసమూ ఆగకుండా 108కు ఫోను చేయండి. రేపు ఆసుపత్రి నుంచి వచ్చాక డోసు ఎంత రాశారో ఇక్కడ ఒక్క మాట పెట్టండి, ఎదురుచూస్తూ ఉంటాను. ఆ పదకొండు సిరంజీలు పారవేయకుండా, డాక్టరుగారికి చూపించేవరకు విడిగా ఒక కవరులో ఉంచండి.