గుణుపురం జామాయిల్ కర్రకి యూరప్ లెక్కలు: లారీలో లోడ్లు కలిసిపోతే ఎలా?

ఒడిశాలోని రాయగడ జిల్లా గుణుపురం వైపు రైతుల జామాయిల్, సరుగుడు కొని వెనీర్ (ప్లైవుడ్‌కి వాడే పలుచని చెక్క పొర) తీసే మిల్లు కోసం అడుగుతున్నాను. సరుకు యూరప్ వెళ్తుంది. అడవులు నరికిన నేల సరుకుని అడ్డుకునే యూరోపియన్ యూనియన్ 2023/1115 చట్టం ప్రకారం అక్కడ కొనేవాళ్లు పొలం జాడ (అక్షాంశ, రేఖాంశాలు), చెట్టు శాస్త్రీయ నామం, కొట్టిన తేదీ, 2020 డిసెంబరు 31 తర్వాత అక్కడ అడవి నరకలేదన్న ఆధారం కావాలంటున్నారు. ఇండియా వాళ్ల తక్కువ రిస్కు జాబితాలో ఉన్నా జాడ చెప్పక తప్పదు.

కొలతలతో ఇబ్బంది లేదు. 4 హెక్టార్లు, అంటే దాదాపు పదెకరాలు దాటితే హద్దు మొత్తం గీయాలి. లోపైతే ఒక్క పాయింటు చాలు. దశాంశం తర్వాత 6 అంకెలుండాలి. ఎక్సెల్ చివరి సున్నాలు మింగేస్తుంది, గడిని ముందే టెక్స్ట్‌గా మార్చుకోవాలి. జియోజేసన్‌లో (పొలం జాడలు పంపే ఫైలు రకం) రేఖాంశం ముందు రావాలి, 83.8, 19.08 తిరగేస్తే పొలం ఉత్తర ధ్రువం దగ్గర సముద్రంలో తేలుతుంది!

అసలు చిక్కు దళారీ లారీలు. ఒక్కో లారీలో ఐదారుగురి దుంగలుంటాయి. ఒక్క పొలం జాడ తేలకపోయినా కుప్పంతా పనికిరాదు, ఇంత శాతం సరైనదంటే ఒప్పుకోరు. దుంగ కోసిన ముఖం మీద పెయింటుతో రైతు నంబరు వేస్తున్నాం. లేత్‌కి (దుంగని తిప్పుతూ పొర తీసే మిషను) ఎక్కించే ముందు చివర్లు కత్తిరించగానే అదీ పోతోంది.

లేత్ దాటాక కూడా బ్యాచ్ విడిగా ఉండేలా మీరేం చేస్తున్నారు? రైతుకో షిఫ్టు పెడితే మిషను ఖాళీగా ఉండిపోతుంది కదా. ఇంకొకటి, అటవీ హక్కుల పట్టా భూముల్లోని తోటలకి అడవి నరకలేదన్న ఆధారంగా 2020 నాటి సెంటినెల్ ఉపగ్రహ చిత్రం ఒక్కటే సరిపోతోందా, ఒడియా పట్టాకి అనువాదం కూడా జతచేస్తున్నారా?