పడవ మీద పలకని పేర్లు: వీటిని ‘సభ్యోక్తి’ అనొచ్చా?

గ్రూపులో ఒకరు అడిగిన ప్రశ్న ఇది: “స్కాట్లాండ్ జాలర్లు పడవెక్కాక సాల్మన్ పేరెత్తరట, ‘ఎర్ర చేప’ అంటారట. ఇలాంటి మాటను తెలుగులో సభ్యోక్తి అనొచ్చా?”

అనకూడదనే నా అభిప్రాయం. సభ్యోక్తి నలుగురిలో వాడే మర్యాద మాట. చనిపోయారు అనకుండా కాలం చేశారు అంటాం, ఎదుటివాళ్ల మనసు నొచ్చుకోకూడదని. జాలరి సాల్మన్ అనకపోవడంలో మర్యాద ప్రసక్తే లేదు, ఉన్నది భయం. మన ఆలంకారికులు, అంటే కావ్యాల గుణదోషాలు విచారించిన పండితులు, ఈ తేడాను ఎప్పుడో పట్టుకున్నారు. అశ్లీలమనే కావ్యదోషాన్ని మూడు రకాలుగా విడదీశారు: వ్రీడ, జుగుప్స, అమంగళం. సిగ్గు పుట్టించేది, రోత పుట్టించేది, అశుభం తోపించేది. ఇవాళ అశ్లీలం అంటే మనకు మొదటిదే తడుతుంది. పడవ మాటలు మూడో రకానికి చెందుతాయి.

స్కాట్లాండ్ ఈశాన్య తీరంలో సాల్మన్‌తో పాటు పంది పేరూ, చర్చి పాదిరి పేరూ పడవ మీద పలికేవారు కాదు. ఎవరైనా నోరు జారితే మిగతావాళ్లు చేతికందిన ఇనుమును ముట్టుకుని ‘కాల్డ్ ఐరన్’ అనేవారు. చల్లటి ఇనుము అని అర్థం. అక్కడితో దోషం పోయినట్టు.

అయితే ఈ ఆచారం భాషకు చేసిన మేలు చూడాలంటే ఇంకా ఉత్తరాన ఉన్న షెట్లాండ్ దీవులకు వెళ్లాలి. 1469లో డెన్మార్క్ రాజు తన కూతురి కట్నం సొమ్ము కట్టలేక ఆ దీవులను స్కాట్లాండ్‌కు తాకట్టు పెట్టాడు. తాకట్టు విడిపించలేదు. దీవుల సొంత భాష నార్న్, స్కాండినేవియా భాషల కుదురుకు చెందింది. అది మెల్లగా స్కాట్స్ భాషకు చోటిచ్చి, 19వ శతాబ్దం నడిమికల్లా మాట్లాడేవాళ్లు లేకుండా పోయింది. కానీ సముద్రం మీద పోలేదు! ఆరు తెడ్ల తెరిచిన పడవల్లో ఒడ్డు కనబడనంత దూరం వేటకెళ్లే జాలర్లు నీళ్ల మీద వేరే మాటలు వాడేవారు. చర్చిని ‘బెనిహూస్’ అనేవారు, ప్రార్థన ఇల్లు అని. పాదిరి ‘అప్‌స్టాండర్’, నిలబడి చెప్పేవాడు. పిల్లి ‘వోలర్’, అంటే ఏడుపు గొంతుతో అరిచేది. సూర్యుడు ‘ఫోగర్’, అందమైనవాడు. వీటిలో చాలావరకు నార్న్ మాటలే. ఊళ్లో అందరూ మరిచిపోయిన భాష పడవ మీద మాత్రం రోజూ పనికొచ్చింది. ఫారో దీవుల పండితుడు యాకబ్ యాకబ్‌సన్ 1893 నుంచి 1895 దాకా షెట్లాండ్‌లో తిరిగి సుమారు 10,000 నార్న్ మాటలు పోగుచేశాడు. అందులో ఈ సముద్రపు మాటలకు పెద్ద పీటే ఉంది. ఒక భాషను మూఢనమ్మకం అంత కాలం కాపాడిందన్న సంగతి నన్ను ఇప్పటికీ కదిలిస్తుంది.

ఇంగ్లండ్ దక్షిణాన పోర్ట్‌లాండ్ దీవిలో కుందేలు పేరెత్తరు. రాతి గనుల్లో బొరియల వల్ల చరియలు విరిగిపడతాయన్న భయం దానికి మూలమంటారు. 2005లో కుందేలు పేరుతో ఒక కార్టూన్ సినిమా వచ్చినప్పుడు, ఆ దీవికి మాత్రం ఆ పదం లేని పోస్టర్లు వేశారు.

ఇక మన సంగతి. పాము కరిచిందనరు, ‘పురుగు ముట్టింది’ అంటారు. మశూచి ‘అమ్మవారు’. డబ్బాలో బియ్యం అయిపోతే ‘నిండుకున్నాయి’. గాజు పగిలితే ‘పెరిగింది’, దీపం ఆరితే ‘కొండెక్కింది’. ఇవన్నీ ఒకే గంపలో వేయకండి, దయచేసి. ‘పురుగు’లో పేరును దాచడంతో పాటు పామును చిన్నది చేయడం ఉంది. ‘అమ్మవారు’లో రోగాన్ని పెద్దది చేసి దణ్ణం పెట్టడం ఉంది. ‘నిండుకున్నాయి’లో జరిగినదాన్ని తిప్పి చెప్పడం ఉంది. ఖాళీని నిండుగా, పగలడాన్ని పెరగడంగా. షెట్లాండ్ వాళ్లది వీటన్నిటికీ భిన్నం: లక్షణం చెప్పి పేరు తప్పించడం. అయినా అసలు పేరును దాచడం ఉమ్మడి గనక, ‘పురుగు’, ‘అమ్మవారు’ లాంటివాటికీ, షెట్లాండ్ మాటలకూ కలిపి ‘మరుగుపేరు’ అందామని నా సూచన. తిప్పి చెప్పే మాటలకు వేరే పేరు వెతకాలి. సభ్యోక్తిని కాలం చేయడం లాంటివాటికి వదిలేద్దాం.

కింద వ్యాఖ్యల్లో ఒక మిత్రుడు “చదువుకున్నవాళ్లం, ఈ మూఢనమ్మకాలకు ఇంత చర్చ ఎందుకు” అన్నారు. వారికి రెండు తేదీలు చెబుతాను. 1832 జులైలో వచ్చిన ఒక్క తుఫానుకు షెట్లాండ్‌లో 105 మంది జాలర్లు పోయారు. 1881 జులైలో ఇంకో తుఫాను 10 పడవలనూ 58 మందినీ తీసుకుపోయింది. వాతావరణ హెచ్చరిక లేదు, ఇంజన్ లేదు. ఆ టెన్షన్‌లో మనిషి చేతిలో ఉన్నది తన నోరు ఒక్కటే, దాన్ని అదుపులో పెట్టుకున్నాడు. నమ్మకం నిజమా కాదా అన్నది వేరే చర్చ. మాటలు మాత్రం ఆ భాష వాళ్ల ఆస్తి.

‘వెళ్తాను’ అనకుండా ‘వెళ్ళొస్తాను’ అనేదీ ఇందులోకి వస్తుందా అని ఇంకొకరు అడిగారు. వస్తుంది, కానీ అది పేరు కాదు, క్రియ. తిరిగి రావడాన్ని ముందే వాక్యంలో కట్టేయడం. బయల్దేరేవాళ్లను ‘ఎక్కడికి’ అనకుండా ‘దూరమా?’ అని అడగడమూ ఆ కోవలోదే.

భీమిలి, పూడిమడక, ఉప్పాడ, నిజాంపట్నం వైపు సభ్యులు ఈ గ్రూపులో ఉన్నారు. వేటకెళ్లే ఇళ్ల పెద్దవాళ్లను అడిగి రాయండి. పడవ మీద అనని మాట, దాని బదులు అనే మాట, ఊరి పేరు, ఒడ్డుకొచ్చాక పాత మాటే అంటారా లేదా అన్నది తప్పకుండా చేర్చండి. పలికినట్టే రాయండి, గ్రాంథికంలోకి దిద్దవద్దు.