మున్సిపల్ పార్కు ఆటస్థలం: వీల్‌చైర్ పిల్లల కోసం ముందు దేన్ని మార్చాలి?

ప్రశ్న (వార్డు పార్కు కమిటీ)

మా పార్కులో ఆటస్థలం 18 మీటర్లు × 12 మీటర్లు. నేలంతా ఇసుక. రెండు ఉయ్యాలలు, ఒక జారుడుబల్ల, ఒక సీ-సా (ఇద్దరు చెరో చివర కూర్చుని ఊగే బల్ల) ఉన్నాయి. ఈసారి వార్డు నిధుల్లో ఒక పనికి ఒప్పుకున్నారు. వీల్‌చైర్‌తో సహా ఎక్కే ఉయ్యాల పెట్టిద్దామని కాంట్రాక్టర్ అంటున్నాడు. వీల్‌చైర్ వాడే పిల్లలు ఇద్దరు, చూపు లేని పాప ఒకరు, ఆటిజం ఉన్న బాబు ఒకరు, చెవికి కాక్లియర్ ఇంప్లాంట్ (వినబడడానికి ఆపరేషన్ చేసి అమర్చే పరికరం) ఉన్న పాప ఒకరు చుట్టుపక్కలే ఉన్నారు. దేనితో మొదలుపెట్టాలి?

జవాబు 1 (సివిల్ ఇంజనీర్)

ఉయ్యాల సంగతి తర్వాత, ముందు గేటు చూడండి. బైకులు రాకుండా తిరుగుడు గేటో, అడ్డదిడ్డంగా పాతిన పైపులో ఉంటే వీల్‌చైర్ అక్కడే ఆగిపోతుంది. పక్కన 90 సెం.మీ. ఖాళీ వదిలి చిన్న తలుపు పెట్టించండి. దానికి తాళం వేయకూడదు. గేటు దగ్గర 15 సెం.మీ. మెట్టు ఉంటే 1:12 వాలుకు (ఒక వంతు ఎత్తుకు పన్నెండు వంతుల పొడవు) ర్యాంపు 1.8 మీటర్లు పడుతుంది. ర్యాంపు పైనా కిందా 1.5 మీటర్ల చదును ఉండాలి, లేదంటే కుర్చీ తిరగదు.

ఇక నేల. ఇసుకలో కుర్చీ ముందు చక్రాలు కూరుకుపోతాయి, ఎంత తోసినా కదలదు. అలాగని 216 చదరపు మీటర్లూ రబ్బరు వేయించనక్కర్లేదు. గేటు నుంచి ప్రతి ఆట వస్తువు దాకా 1.5 మీటర్ల వెడల్పు గట్టి దారి వేసి, ఉయ్యాల, జారుడుబల్ల కింద మాత్రం రబ్బరు వేయించండి. ఉయ్యాల కింద ఎంత మేర అంటే, పై కడ్డీ ఎత్తుకు రెండింతలు ముందుకీ, రెండింతలు వెనక్కీ.

మోసం జరిగేది మందం దగ్గరే. 25 మి.మీ. టైల్ నడిచే దారికి సరిపోతుంది. మీటరున్నర ఎత్తు నుంచి పడ్డ పిల్లాడి తలను అది కాపాడదు. ఎంత ఎత్తు నుంచి పడినా పర్వాలేదో చెప్పే టెస్ట్ సర్టిఫికెట్ అడగండి. టైల్స్‌ను మట్టి మీదే పరిస్తే ఒక్క వానాకాలానికి అంచులు లేస్తాయి, ఆ అంచుకే ముందు చక్రం తట్టుకుంటుంది. కింద 10 సెం.మీ. కాంక్రీటు వేసి, కాలువ వైపు 1:100 వాలు ఇవ్వాలి.

జవాబు 2 (ఫిజియోథెరపిస్ట్)

వీల్‌చైర్ ఉయ్యాల వద్దనే చెబుతాను. ఇనుప పలక, కుర్చీ, పిల్లాడు కలిస్తే చాలా బరువు. ఊగుతుండగా ఇంకో పిల్లాడు అడ్డొస్తే ప్రాణం మీదికొస్తుంది. అందుకే చుట్టూ కంచె కట్టి తాళం వేస్తారు. ఆ తాళం వాచ్‌మన్ దగ్గర ఉంటే, ఆ ఉయ్యాలా లేనట్టే. పైగా అందులో పిల్లాడు ఒంటరిగానే ఊగాలి.

దానికి బదులు మీటరు పైన వెడల్పున్న గుండ్రటి తాళ్ల బుట్ట ఉయ్యాల పెట్టండి. నేలకు 45 సెం.మీ. ఎత్తులో ఉంటే కుర్చీ పక్కన ఆపి, బ్రేక్ వేసి, పిల్లాడు అందులోకి జరగవచ్చు. నడుము నిలబడని పిల్లలు అందులో పడుకుంటారు, పక్కన అక్కో, స్నేహితుడో ఎక్కుతారు. ఒక మామూలు ఉయ్యాలకు మాత్రం వీపు ఎత్తుగా, ఛాతీ బెల్టుతో ఉన్న సీటు తగిలించండి.

జారుడుబల్లకు ర్యాంపు కట్టొద్దు. 1.2 మీటర్ల ఎత్తుకు 14.4 మీటర్ల ర్యాంపు, మధ్యలో చదును కావాలి, మీ స్థలమంతా దానికే పోతుంది. 30–45 సెం.మీ. ఎత్తున, 60 సెం.మీ. వెడల్పున ఒక అరుగు కట్టి, అక్కణ్నుంచి 20 సెం.మీ. మించని మెట్లు పెడితే పిల్లలు కూర్చుని జరుగుతూ ఎక్కుతారు. జారాక పిల్లాడు కింద ఉంటాడు, కుర్చీ అరుగు దగ్గరే ఉంటుంది. అందుకే బల్ల కింది చివర ఆ అరుగు వైపే తిరిగి ఉండాలి, మధ్య దారి తెగకూడదు.

ప్రశ్న అడిగినవారు

నేలకు సమంగా ఉండే రంగులరాట్నం కూడా ఒకటి చూపిస్తున్నారండీ. పెట్టించమంటారా?

జవాబు 1

అది తిరిగే పలక కింద గుంత ఉంటుంది, అందులోంచి నీళ్లు పోయే పైపు ఉంటేనే పెట్టించండి. లేకపోతే వానలకు బేరింగు తుప్పు పడుతుంది, గుంతలో దోమలు చేరతాయి. పలకకూ నేలకూ మధ్య సందులో చిన్నవాళ్ల వేలు దూరకూడదు. ఎస్టిమేట్‌లో ఇవన్నీ కొలతలతో రాయించండి, కేంద్రం 2021లో విడుదల చేసిన సార్వత్రిక అందుబాటు మార్గదర్శకాల పేరు కూడా పెట్టించండి. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం వినోద స్థలాలకూ వర్తిస్తుంది.

జవాబు 3 (స్పెషల్ ఎడ్యుకేటర్)

మిగతా ముగ్గురి గురించి. ప్లాస్టిక్ జారుడుబల్ల మీద జారితే ఒంట్లో స్థిర విద్యుత్తు పుడుతుంది, అది ఇంప్లాంట్ బయటి ప్రాసెసర్‌లోని (చెవి వెనక పెట్టుకునే భాగం) సెట్టింగులు చెడగొట్టవచ్చు. ఆ పాపకు స్టీలు బల్ల మంచిది, కానీ మే నెలలో తొడలు కాలతాయి. ఉత్తరం వైపు తిప్పి, పైన షెడ్ వేయించండి. ప్లాస్టిక్ బల్లే ఉంటే ఎక్కే ముందు బయటి ప్రాసెసర్ తీసి అమ్మ చేతికివ్వాలి.

చూపు లేని పాపకు ఉయ్యాల ఊగే హద్దు కాలికి తెలియాలి. రబ్బరు అంచున ఒక అడుగు వెడల్పున గరుకు పలకలు వేస్తే అక్కడ ఆగాలని తెలుస్తుంది. ఆటిజం ఉన్న పిల్లాడు ఉన్నట్టుండి రోడ్డు వైపు పరుగెత్తవచ్చు, కాబట్టి చుట్టూ కంచె, ఒకే గేటు, దానంతటదే మూసుకునే స్ప్రింగు కావాలి. స్ప్రింగు మరీ బిగుతుగా ఉంటే వీల్‌చైర్ పిల్లాడు తలుపు తోయలేడు, అది కూడా చూసుకోండి.

బిల్లు పాస్ చేసే ముందు కమిటీలో ఒకరు వీల్‌చైర్‌లో కూర్చుని, ఎవరూ తోయకుండా గేటు నుంచి బుట్ట ఉయ్యాల దాకా వెళ్లి రండి. ఎక్కడ ఆగారో అక్కడ సున్నంతో గుర్తు పెట్టి, సరిచేశాకే సంతకం చేయండి.