హైదరాబాద్ నుంచి డాలస్, ఇద్దరు పిల్లలతో ఒక్కదాన్నే: తిండి ఎలా సర్దుకోవాలి?

చిట్టితల్లి_అమ్మ:
వచ్చే నెల పిల్లల్ని తీసుకుని డాలస్ వెళ్తున్నాను, దోహాలో విమానం మారాలి. బాబుకి నాలుగేళ్లు, పాపకి 14 నెలలు. మొదటిది నాలుగు గంటలే గానీ రెండోది దాదాపు 16 గంటలు, అదే టెన్షన్. బాబు పప్పన్నం, పెరుగన్నం తప్ప ఏదీ ముట్టడు, పాప ఉగ్గు, పాల మీదే ఉంది. ఏం కట్టుకెళ్లాలి, చెకింగ్‌లో ఏం తీసేస్తారు? వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి ప్లీజ్.

నందూ_వాళ్లమ్మ:
ముందు టికెట్‌లోకి వెళ్లి బాబుకి చైల్డ్ మీల్, పాపకి బేబీ మీల్ పెట్టేయమ్మా. కనీసం 24 గంటల ముందే పెట్టాలి, ఎయిర్‌పోర్టుకెళ్లి అడిగితే దొరకదు. అలాగని దాన్నే నమ్ముకోకు, మావాడు ట్రేలో పాస్తా వాసన చూసి బన్ను ఒక్కటే తిన్నాడు, నేను గాభరాపడిపోయాను. ఇంట్లో వండింది మొదటి విమానం వరకే. చిన్న ఇడ్లీలు చేసి నెయ్యి, కారప్పొడి పట్టించి పెట్టు. పెరుగన్నం వద్దు, పులిసిపోతుంది.

రెండో విమానానికి పొడులే. ఇంటి ఉగ్గు పొయ్యి మీద ఉడకాలి, విమానంలో ఇచ్చే వేడినీళ్లకి ఉడకదు, పచ్చిగా పెడితే కడుపునొప్పి. అందుకని అటుకులు దోరగా వేయించి మెత్తగా పొడి కొట్టు. పాపకి అదే. బాబుకైతే అందులో పుట్నాల పొడి, జీలకర్ర, ఉప్పు కలుపు, వేడినీళ్లు పోసి ఐదు నిమిషాలు మూతపెడితే పప్పన్నంలా ముద్దకొస్తుంది. ఒక్కో పూటకి ఒక్కో జిప్ కవర్లో కొలిచి పెట్టుకుంటే, పాప ఒళ్లో ఉన్నా ఒంటి చేత్తో కలిపేయొచ్చు.

ఇర్వింగ్_బాబాయ్:
చెకింగ్ సంగతి చెప్తానమ్మా. పెరుగు, పచ్చడి, నెయ్యి అన్నీ వాళ్ల లెక్కలో లిక్విడే, 100 మి.లీ. దాటితే చేతి బ్యాగులో కుదరదు. పాప పాలు, బేబీ ఫుడ్ మాత్రం ప్రయాణానికి సరిపడా తెచ్చుకోవచ్చు, అడగకముందే బయటికి తీసి చూపించండి. దోహాలో మళ్లీ స్కానింగ్ ఉంటుంది. డాలస్‌లో దిగేముందు మిగిలిన పండు విమానంలోనే వదిలేయండి, వాళ్లే ఇచ్చిన యాపిల్ అయినా సరే. బ్యాగులో తిండి ఉందా అంటే ఉందని చెప్పండి, మహా అయితే పనికిరానిది తీసేసుకుంటారు. చెప్పకుండా దొరికితేనే ఫైన్.

నందూ_వాళ్లమ్మ:
ఒకటి మర్చిపోయా. ఆఖరి పాలసీసా ముందే పట్టేయకు. దిగడం మొదలయ్యాక పాపకి పట్టు, గుటకలు వేస్తుంటే చెవులు అంత నొప్పెట్టవు.

చిట్టితల్లి_అమ్మ:
అక్కా, పాలసీసా సంగతి నాకసలు తట్టలేదు. బాబాయ్ గారూ, చాలా థాంక్స్. ఈ ఆదివారమే అటుకుల పొడి కొట్టి బాబుకి పెట్టి చూస్తాను. ఇంట్లో తింటేనే కదా అక్కడ తినేది.