“కప్పలు పదివేలు చేరు” – ఇంతకీ ఎక్కణ్ణుంచి?

మధురవాడ సభ్యురాలి ప్రశ్న:
అందరికీ నమస్కారం. మా అయిదో తరగతి వాడికి సుమతీ శతకం చెప్తున్నాను.

ఎప్పుడు సంపద కలిగిన
నప్పుడు బంధువులు వత్తు రది యెట్లన్నన్
దెప్పలుగ చెరువు నిండిన
కప్పలు పదివేలు చేరు గదరా సుమతీ

“ఎండాకాలం ఆ కప్పలన్నీ ఎక్కడుంటాయి? కొండకర్ల ఆవకి (ఆ మంచినీటి సరస్సుకి) బాతులొచ్చినట్టు వలస వస్తాయా?” అని పట్టుకున్నాడు. తాత్పర్యంలో ఆ ముక్క లేదు. ఎవరైనా చెప్తారా?

జవాబు:
అమ్మా, మీవాడికి వచ్చిన అనుమానం తాత్పర్యాలు రాసినవాళ్లకి రావాల్సింది. కప్పలు ఏ దేశం నుంచీ రావు. ఆ చెరువు చుట్టుపక్కలే, మన కాళ్ల కిందే ఉంటాయి.

కప్ప నోటితో నీళ్లు తాగదు, చర్మంతోనే పీల్చుకుంటుంది. ఆ చర్మంలోంచే నీళ్లు ఆవిరైపోతాయి కూడా. రోళ్లు పగిలే రోహిణీ కార్తెలో బయట కూర్చుంటే దాని పని అయిపోయినట్టే. అందుకని బురదలోకో, గట్ల బొరియల్లోకో దూరిపోతుంది. కొన్ని రకాలకి వెనక పాదం కింద పలుగులాంటి గట్టి బొడిపె ఉంటుంది. వాటి తవ్వకం చూడాల్సిందే. మొహం మనవైపే పెట్టి, వెనక కాళ్లతో మన్ను అటూ ఇటూ తోస్తూ వెనక్కి వెనక్కి దిగిపోతుంది. ఆఖరికి రెండు కళ్లు మిగులుతాయి, కాసేపటికి అవీ ఉండవు.

లోపల తిండి లేదు. ఒంట్లో దాచుకున్న కొవ్వే ఆధారం. గుండె, ఊపిరి బాగా మందగిస్తాయి, చర్మం గుండా అందే గాలి సరిపోతుంది. పాఠ్యపుస్తకాల్లో దీన్నే గ్రీష్మకాల సుప్తావస్థ అంటారు. ఆస్ట్రేలియాలో ఒక కప్పయితే మూత్రాశయం నిండా నీళ్లు పట్టుకుని, విడిచిన చర్మాన్నే పొరలు పొరలుగా ఒంటికి చుట్టుకుని, వాన కోసం నెలల తరబడి పడి ఉంటుంది.

తొలకరి పడి నేల నానిందా, ఇక బెకబెకలే. మగ బోదురుకప్పలు పసుపు పూసుకున్నట్టు తయారవుతాయి, గొంతుకి రెండు పక్కలా నీలం తిత్తులు ఉబ్బుతాయి. ఒక్కో ఆడ కప్ప వేలల్లో గుడ్లు పెడుతుంది కాబట్టి “పదివేలు” అన్నది మరీ కవి గొప్పేం కాదు.

ఇప్పుడు పద్యం మళ్లీ చూడండి. బంధువులు “వత్తురు”, కప్పలు “చేరు”. ఉన్నవే ఒకచోట పోగయ్యాయన్నమాట. బంధువులూ అంతేగా! ఊళ్లోనే ఉన్నారు, మన చెరువు ఎండినన్నాళ్లూ కనబడలేదు.

గాజువాక సభ్యుడు:
మాస్టారూ, కవి అంత ఆలోచించాడంటారా? కందం కదా, గణం కోసం “చేరు” వేసుంటాడు.

జవాబు:
“వచ్చు” వేసినా “లు చేరు” బదులు “లు వచ్చు” అని అదే జగణం (లఘువు, గురువు, లఘువు) పడుతుందండి. “కప్పలు పదివేలు వచ్చు గదరా” అని చదివి చూడండి, యతి కూడా చెడదు. కుదిరే మాటని వదిలి “చేరు” వేశాడు. ఆలోచించే వేశాడని నేననుకుంటాను.

మధురవాడ సభ్యురాలు:
మరి బాతుల సంగతి? వాడు వదలట్లేదు.

జవాబు:
అవి అసలైన వలస పక్షులు. సూదితోక బాతుల్లాంటివి ఉత్తరాసియా నుంచి మన దేశానికి శీతాకాలంలో వస్తాయి. చలి కన్నా వాటికి పెద్ద బాధ తిండి. నీళ్లు గడ్డకడితే అడుగున ఉన్న మేత అందదు. కప్పకి రెక్కల్లేవు కాబట్టి దాక్కుంది, బాతుకి ఉన్నాయి కాబట్టి లేచిపోయింది. అయితే శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురం గూడబాతుల్ని (పెలికాన్లని) “సైబీరియా పక్షులు” అనడం మాత్రం మానేయాలి. అవి మన దక్షిణాసియా పక్షులే, సైబీరియాలో గూడు కట్టవు. దూరం నుంచి వచ్చినవంటే మనకి గౌరవం ఎక్కువ కదా, అందుకే ఆ పేరు పోవట్లేదు.

భీమిలి సభ్యుడు:
ఆర్కే బీచ్‌కి వచ్చే తాబేళ్లు ఏ లెక్కలోకి వస్తాయి?

జవాబు:
వలస లెక్కలోకే. ఆలివ్ రిడ్లేలు ఎండకీ చలికీ భయపడి రావు, గుడ్లు పెట్టడానికి వస్తాయి. జనవరి నుంచి మార్చి దాకా రాత్రిపూట ఒడ్డెక్కి, ఇసకలో గొయ్యి తీసి వందకి అటూ ఇటూగా గుడ్లు పెట్టి, తిరిగి సముద్రంలోకి పోతాయి.

జాలరిపేట సభ్యుడు:
“తెప్పలుగ” అంటే మా తెప్పలేనా?

జవాబు:
కాదండి, ఇక్కడ పుష్కలంగా, నిండుగా అని. చెరువులో పడవలు వెతక్కండి.